ముందు నుదురు చూడండి

మూతి వంకర పోయిందని ఎవరైనా వస్తే నేను మూతి వంక చూడను, నుదుటి వంక చూస్తాను. "కనుబొమలు పైకెత్తండి" అంటాను. నుదుటి మీద రెండు వైపులా ముడతలు పడి, మూతి ఒక్కటే పక్కకి లాగితే దెబ్బ మెదడులో తగిలిందేమోనని భయం. స్ట్రోక్ అయితే ప్రతి నిమిషమూ లెక్కే. నుదుటికి మెదడు రెండు పక్కల నుంచీ ఆదేశాలు వస్తాయి కాబట్టి ఒక పక్క పోయినా రెండోది ఆదుకుంటుంది. నుదురు ఒక సగం నున్నగా ఉండిపోయి, ఆ పక్క కన్ను మూయమంటే మూతపడక, గుడ్డు పైకి తేలి తెల్లభాగం కనిపిస్తే మెదడు నుంచి వచ్చే పన్నెండు జతల నాడుల్లో ముఖాన్ని కదిపే ఏడో నాడే దెబ్బతింది. ఈ నాడి ఉన్నట్టుండి చచ్చుబడే బెల్స్ పాల్సీ ఇలాగే ఉంటుంది. అలాగని తీరిగ్గా కూర్చోకండి. మెదడు కాండంలో స్ట్రోక్ వచ్చినా నుదురు పోవచ్చు. తూలు, చేతిలో పట్టు తగ్గడం, రెండుగా కనిపించడం ఉన్నాయేమో అడగండి. చెవిలో పొక్కులున్నాయేమో టార్చి వేసి చూడండి, అవి హెర్పిస్ జోస్టర్‌వి, అంటే సర్పివి కావచ్చు.

హౌస్ సర్జన్‌గా ఉన్నప్పుడు ఒకామెకి రెప్ప వాలిపోతే నిద్ర చాలక అని రాసేశాను. సీనియర్ వచ్చి వేలితో ఆ రెప్ప ఎత్తారు. కనుపాప పెద్దదై ఉంది, వెలుగు వేసినా ముడుచుకోలేదు. గుడ్డు బయటికి, కిందికి తిరిగి ఉంది. రెప్పనీ కంటినీ కదిపే మూడో నాడి! స్కాన్‌లో ఉబ్బిన రక్తనాళం ఆ నాడిని నొక్కుతూ కనిపించింది. ఆ రోజు నుంచి రెప్ప ఎత్తి చూడకుండా కేస్‌షీట్‌లో ఒక్క ముక్క రాయను. షుగర్ వల్ల మూడో నాడి పోతే కనుపాప సాధారణంగా మామూలుగానే ఉంటుంది.

కన్ను బయటివైపుకి తిరగకపోతే ఆరో నాడి. తలలో ఒత్తిడి ఎక్కడ పెరిగినా ఇది దెబ్బతినొచ్చు, అందుకే దీని మాట నమ్మి జబ్బు ఉన్న చోటు తేల్చకండి. మెట్లు దిగుతుంటే కింది మెట్టు రెండుగా కనిపిస్తోందంటే నాలుగోది.

నోట్లో చూసేటప్పుడు అందరూ తికమకపడతారు. బయటికి చాచిన నాలుక చెడిన నాడి వైపుకే వాలుతుంది. "ఆ" అనమంటే కొండనాలుక బాగున్న వైపుకి పోతుంది. నేనైతే ఇప్పటికీ మనసులో ఒకసారి అనుకునే రాస్తాను.

వాసన చూడటానికి ఒక ముక్కు రంధ్రం మూసి, రెండోదాని దగ్గర కాఫీ పొడి పెడితే చాలు. అమ్మోనియా మాత్రం వద్దు. ఆ ఘాటు ముఖంలో స్పర్శ, మంట తెలిపే ఐదో నాడికి తగులుతుంది. వాసన తెలిపే మొదటి నాడి పూర్తిగా పోయిన మనిషి కూడా చటుక్కున తల వెనక్కి తీసుకుంటాడు.