షుగర్ పాదాల పరీక్ష, 3వ పాఠం: వేలి కొసతో ఆరు చోట్ల

పోయిన పాఠంలో పాదాన్ని కళ్లతో చూడటం నేర్చుకున్నాం, పగుళ్లు, ఆనెకాయలు, వేళ్ల సందుల్లో పాచిపోవడం వగైరా. ఈసారి ముట్టుకుని చూద్దాం. కొనాల్సిందేమీ లేదు, మీ చూపుడు వేలు చాలు.

"తిమ్మిర్లు లేవు, మంటలు లేవు, నాకేం కాలేదు" అంటారు చాలామంది. షుగర్ వల్ల నరాలు దెబ్బతిన్నవాళ్లలో దాదాపు సగం మందికి ఏ బాధా తెలియకపోవచ్చు. నొప్పిని మోసే నరమే చచ్చుబడితే నొప్పి ఎక్కడి నుంచి వస్తుంది? మే నెల మధ్యాహ్నం వేయిస్తంభాల గుడి బండల మీద అందరూ ఎగురుకుంటూ నీడకు ఉరుకుతుంటే, షుగర్ ఉన్న పెద్దాయన ఒక్కడే తాపీగా నడుస్తున్నాడంటే అది భక్తి అనుకోకండి, ఇంటికెళ్లగానే అరికాళ్లు చూడండి. నడుస్తూ నడుస్తూ చెప్పు ఎక్కడ జారిపోయిందో తెలియకపోవడం కూడా ఇదే బాపతు.

ఒంట్లో అన్నిటికన్నా పొడవైన నరాలు కాలివేళ్ల దాకా వచ్చేవే. దెబ్బ ముందు వాటి కొసలకే తగులుతుంది, తర్వాత మేజోడు తొడిగినట్టు పైకి పాకుతుంది. అందుకే పరీక్ష కూడా వేళ్ల కొసల మీదే. ఇంగ్లాండులోని ఇప్స్‌విచ్ ఆసుపత్రి డాక్టర్లు 2011లో ప్రచురించిన పద్ధతి ఇది.

మీ బాపునే పరీక్షిస్తున్నారనుకోండి. మంచం మీద పడుకోబెట్టి, మేజోళ్లు తీసి, "బాపూ, కండ్లు మూసుకో, నేను ముట్టుకోంగనే కుడో ఎడమో చెప్పు" అనండి. కుడి ఎడమల దగ్గర తికమకపడితే ముందే రెండు కాళ్లూ పట్టుకుని ఇది కుడి, ఇది ఎడమ అని చెప్పండి. ఇక వరుస: కుడి బొటనవేలు, కుడి చిటికెన వేలు, ఎడమ బొటనవేలు, ఎడమ చిటికెన వేలు, ఆ తర్వాత కుడి నడిమి వేలు, చివరికి ఎడమ నడిమి వేలు. ఒక్కో వేలి కొసను ఒకటి రెండు సెకన్లు తాకాలి, అంతే. నొక్కొద్దు, తట్టొద్దు, గీరొద్దు, ఎందుకంటే నొక్కితే తోలుకు తెలియనిది లోపలి కీలుకు తెలుస్తుంది, లెక్క తప్పుతుంది. జవాబు రాకపోతే మళ్లీ తాకకండి, "తెలియలేదు" అని రాసుకుని ముందుకు పోండి.

ఎక్కువమంది చెడగొట్టేది ఇక్కడే: "తెలుస్తుందా?" అని అడుగుతారు. పెద్దవాళ్లు మీకు టెన్షన్ ఎందుకని "ఆఁ, తెలుస్తుంది" అనేస్తారు. నోరు మూసుకుని తాకండి. మధ్యలో కాసేపు తాకకుండా ఊరుకోండి కూడా, అప్పుడు "కుడి" అన్నారంటే ఊహించి చెబుతున్నట్టే.

ఆరింటిలో రెండు గానీ అంతకన్నా ఎక్కువ గానీ తెలియకపోతే పాదానికి పుండ్లు పడే ప్రమాదం ఉన్నట్టు లెక్క, ఆలస్యం చేయకుండా డాక్టరుకు చూపించాలి. వరంగల్ ఎంజీఎం ఆసుపత్రికి వెళ్లినా, హన్మకొండలో మీరు చూపించుకునే క్లినిక్‌కి వెళ్లినా షుగర్ రిపోర్టు ఒక్కటే చేతిలో పెట్టి వచ్చేయకండి, చెప్పులు విప్పి పాదాలు చూపించండి. మెట్‌ఫార్మిన్ అనే షుగర్ మాత్ర ఏళ్ల తరబడి వాడుతుంటే విటమిన్ బి12 పరీక్ష కూడా అడగండి, అది తగ్గినా నరాలు ఇలాగే దెబ్బతింటాయి.

ఆరూ తెలిశాయా? సంతోషమే, కానీ అంతటితో నిశ్చింత పడొద్దు. నొప్పినీ వేడినీ చెప్పే సన్న నరాలు చాలామందిలో ముందే దెబ్బతింటాయి, ఈ పరీక్ష వాటిని పట్టుకోలేదు. రాత్రి పడుకోగానే అరికాళ్లు మండటం, దుప్పటి తగిలినా ఓర్వలేకపోవడం ఉంటే, వేళ్లు ఆరూ పాసైనా డాక్టరుకు చెప్పాల్సిందే. మంటలకు ఉప్పు వేసిన వేడినీళ్లలో కాళ్లు పెట్టే అలవాటు మన ఇళ్లలో ఉంది, దయచేసి మానెయ్యండి, నీళ్లు ఎంత కాగాయో ఆ పాదానికి తెలియదు, తోలు ఊడొస్తుంది. టైప్ 2 (ఎక్కువమందికి ఉండే రకం షుగర్) వాళ్లకు షుగర్ బయటపడిన రోజు నుంచే, టైప్ 1 (మొదటి నుంచీ ఇన్సులిన్ తప్పని రకం) వాళ్లకు బయటపడిన అయిదేళ్ల తర్వాత నుంచి, ఏటా డాక్టరు దగ్గర నరాల పరీక్ష జరగాలి.

ఈ వారం ఇంట్లో షుగర్ ఉన్నవాళ్లందరికీ చేసి, తేదీ వేసి ఆరు జవాబులూ నోట్‌బుక్‌లో రాసుకోండి. వచ్చే పాఠంలో డాక్టర్లు వాడే రెండు పరికరాలు: స్పర్శ చూసే నైలాన్ పోగు (10 గ్రాముల మోనోఫిలమెంట్), అదురు తెలుస్తుందా అని చూసే లోహపు కడ్డీ (128 హెర్ట్జ్ ట్యూనింగ్ ఫోర్క్). ఆన్‌లైన్‌లో కనబడ్డాయి కదా అని అప్పుడే ఆర్డర్ పెట్టకండి, ఏది పనికొస్తుందో చూశాక కొందాం.