ప్రోగ్రాం మధ్యలో బేస్ ఆగితే: కారణం పట్టుకోవడం, చవకలో సరైన బ్యాకప్ ఎంచుకోవడం

ఏలూరు దగ్గర ఒక రిసెప్షన్. మూడో పాట రెండో చరణంలో నా బేస్ గిటార్ ముందు చిట్లినట్టు మోగింది, తర్వాత సన్నబడింది, పల్లవికి తిరిగొచ్చేసరికి అసలు వినపడలేదు. కీబోర్డ్ వాయించే తమ్ముడు ఎడమ చేత్తో బేస్ లైన్ అందుకుని పాటను గట్టెక్కించాడు. గిటార్ లోపల 9 వోల్టుల బ్యాటరీ అయిపోయింది, అంతే. రెండు నెలలు డబ్బు కూడబెట్టి ఇంకో బేస్ కొన్నాను. అదీ బ్యాటరీతో నడిచేదే. ఏ లోపం వల్ల పరువు పోయిందో అదే లోపం ఉన్నదానికి మళ్లీ డబ్బు పోశాను. తర్వాత దాన్ని అమ్మి వేరేది తీసుకోవాల్సి వచ్చింది.

అందుకే మోడళ్ల పేర్లు తర్వాత. ముందు మీ మెయిన్ బేస్ ఎప్పుడెప్పుడు, ఎందుకు ఇబ్బంది పెట్టిందో గుర్తు చేసుకోండి. బ్యాకప్‌లో ఏం ఉండాలో, ఏం ఉండకూడదో అక్కడే తెలుస్తుంది.

శబ్దం ఒక్కసారిగా మొత్తం పోయింది

పది సార్లలో ఎక్కువ సార్లు తప్పు గిటార్‌ది కాదు, కేబుల్‌ది. అయినా కంగారులో ముందు గిటార్‌నే అనుమానిస్తాం. వరసగా చూడండి: వాల్యూమ్ నాబ్ చెయ్యి తగిలి తిరిగిందా, ట్యూనర్ పెడల్ నొక్కుకుపోయి మ్యూట్‌లో ఉందా. రెండూ కాకపోతే పెడల్స్ అన్నీ వదిలేసి, వేరే కేబుల్‌తో బేస్‌ని నేరుగా ఆంప్‌లోకో డీఐ బాక్సులోకో (గిటార్ శబ్దాన్ని మిక్సర్‌కి పంపే చిన్న పెట్టె) పెట్టండి. శబ్దం వస్తే గిటార్ బాగానే ఉన్నట్టు. దీనికి అర నిమిషం చాలు.

కాబట్టి మీరు కొనాల్సిన మొదటి బ్యాకప్ ఒక మంచి కేబుల్. గిటార్ కేబులే కావాలి. స్పీకర్లకు వాడే కేబుల్ చూడ్డానికి అలాగే ఉన్నా లోపల షీల్డ్ ఉండదు, గోల పట్టుకొస్తుంది. పాడైన కేబుల్‌ని అదే బ్యాగులో ఉంచుకోకండి, చీకట్లో మళ్లీ అదే చేతికొస్తుంది.

కేబుల్ మార్చినా రాకపోతే అప్పుడు జాక్, అంటే గిటార్‌లో కేబుల్ గుచ్చే చోటు. పైన నట్టు వదులైతే కేబుల్ పెట్టినప్పుడల్లా జాక్ మొత్తం గిర్రున తిరుగుతుంది, దానితో పాటు లోపలి వైర్లూ మెలిపడతాయి. ఒకసారి నా బేస్ వెనక ప్లేటు విప్పి టార్చి వేసి చూస్తే, ఎర్త్ వైరు వెంట్రుకంత ఒక్క పోగు మీద వేలాడుతోంది. వేలితో తాకగానే ఊడి చేతికొచ్చింది. అప్పటిదాకా "అప్పుడప్పుడు కరకర వస్తోంది, సౌండ్ వాళ్ల లైన్ బాగోలేదేమో" అనుకుంటూ తిరిగాను. నట్టు బిగించేటప్పుడు లోపల జాక్‌ని కదలకుండా పట్టుకుని బిగించాలి. వైరు తెగితే టంకం పెట్టించాలి, టేపు చుట్టి ప్రోగ్రాంకి వెళ్లొద్దు.

బ్యాకప్ కొనేటప్పుడు కేబుల్ పెట్టి, వాల్యూమ్ పెంచి, ప్లగ్గుని మెల్లగా అటూ ఇటూ కదపండి. కరకరలాడితే జాక్ బాగుచేయించాల్సిందే, ఆ మేరకు ధర తగ్గించమనండి. ప్లేటుకి బిగించిన మామూలు జాక్ అయితే ఏ ఊళ్లోనైనా మార్పించుకోవచ్చు. పొడుగు గొట్టంలా బాడీ అంచులోకి దూర్చే జాక్ ఉన్న మోడల్‌తో ఆ వీలు తక్కువ.

శబ్దం చిట్లుతోంది, క్రమంగా సన్నబడుతోంది

ఏలూరులో నాకు జరిగింది ఇదే. యాక్టివ్ బేస్ లోపల శబ్దాన్ని పెంచి సర్దే చిన్న సర్క్యూట్ (ప్రీఆంప్) ఉంటుంది, దానికి బ్యాటరీ కావాలి. చాలామంది పట్టించుకోని సంగతి ఒకటుంది: కేబుల్ గుచ్చితేనే ఆ బ్యాటరీ ఆన్ అవుతుంది, కేబుల్ తీసేదాకా ఖర్చవుతూనే ఉంటుంది. సాయంత్రం నాలుగింటికి సౌండ్ చెక్ చేసి, కేబుల్ అలాగే ఉంచి భోజనానికి వెళ్తే, రాత్రి తొమ్మిదింటికి స్టేజీ ఎక్కేలోపు ఐదు గంటలు ఊరికే నడిచినట్టే.

పని కాగానే కేబుల్ లాగేయండి. బ్యాటరీ వేసిన తేదీ చిన్న టేపు మీద రాసి లోపల అతికించండి. మల్టీమీటర్ ఉంటే చూడండి, 8 వోల్టుల దగ్గరికి దిగితే ఇక దాన్ని నమ్మొద్దు. బేస్ మీద యాక్టివ్–పాసివ్ స్విచ్ ఉంటే, పాసివ్‌కి మార్చితే బ్యాటరీ అక్కర్లేదు, ఆ క్షణానికి అదే ఆదుకుంటుంది.

ఎంపిక విషయంలో నా మాట సూటిగా చెబుతాను: మెయిన్ యాక్టివ్ అయితే బ్యాకప్ పాసివ్‌దే తీసుకోండి. బ్యాటరీ లేదు, ప్రీఆంప్ లేదు, రెండు మూడు నాబ్‌లు. స్క్వయర్ వాళ్ల ప్రెసిషన్ రకం, యమహా టీఆర్‌బీఎక్స్ 174 ఇలాంటివే. అదే యమహాలో 304 యాక్టివ్, పేరు దాదాపు ఒకటే కాబట్టి కొట్లో పొరపాటు పడొద్దు. ఐబనెజ్ జీఎస్ఆర్ 200 చేతికి తేలిగ్గా అందే మంచి వాయిద్యమే, కాకపోతే అందులో బేస్ బూస్ట్ బ్యాటరీ మీద నడుస్తుంది. కొనేముందు వెనక బ్యాటరీ అర ఉందా లేదా అన్నది మీ కళ్లతో చూసుకోండి.

తీగలు వదిలితే చాలు, "గుయ్‌ఁ" అని హమ్

మన కరెంటు 50 హెర్ట్జ్. దాని గుయ్‌ఁకారాన్ని ఒకే తీగచుట్ట ఉన్న (సింగిల్ కాయిల్) పికప్, అంటే గిటార్ తీగల కదలికని పట్టే భాగం, పట్టేస్తుంది. కల్యాణ మండపాల్లో సీరియల్ సెట్లు, డిమ్మర్లు, జనరేటర్ అన్నీ కలిస్తే ఇంకా ఎక్కువ. నిలబడే దిక్కు కాస్త మార్చి చూడండి, తేడా తెలుస్తుంది. రెండు పికప్‌ల జాజ్ బేస్ అయితే రెండు వాల్యూమ్‌లూ పూర్తిగా తెరవండి, చాలా వాటిలో ఒకదాని హమ్‌ని రెండోది కొట్టేస్తుంది.

ఫెండర్ 1951లో ప్రెసిషన్ బేస్ తెచ్చినప్పుడు దానికీ సింగిల్ కాయిలే. 1957లో పికప్‌ని రెండు ముక్కలుగా చేశారు, ఒక ముక్క పట్టిన హమ్‌ని రెండోది రద్దు చేస్తుంది. ఇన్నేళ్ల తర్వాత కూడా చవక బేసుల్లో దొరికే అత్యంత నమ్మకమైన పికప్ ఇదే. ఏ స్టేజీ, ఏ కరెంటు దొరుకుతుందో తెలియని మనలాంటి వాళ్ల బ్యాకప్‌లో ఈ రెండు ముక్కల పికప్ తప్పకుండా ఉండాలని నా పట్టుదల.

ఇక్కడ ఒక్క మాట, దయచేసి తేలిగ్గా తీసుకోవద్దు. తీగల మీద చెయ్యి వేస్తే హమ్ తగ్గడం మామూలే. కానీ తీగలు పట్టుకుని మైక్‌కి పెదవి తగిలితే చురుక్కుమంటే, అది హమ్ సమస్య కాదు, కరెంటు లైన్లో ఎర్త్ తప్పు. వెంటనే ఆపి సౌండ్ అన్నకి చెప్పండి, బేస్ ఆంప్, మిక్సర్ ఒకే లైన్ మీదకి మార్పించి ఎర్త్ సరిచూడమనండి. హమ్ తగ్గుతుందని మూడు పిన్నుల ప్లగ్గులో ఎర్త్ పిన్ను విరిచేసే అలవాటు కొన్నిచోట్ల చూశాను. అది ప్రాణం తీస్తుంది. డీఐ బాక్సు మీద గ్రౌండ్ లిఫ్ట్ స్విచ్ ఉంటుంది, అది ఆడియో లైన్ ఎర్త్‌ని మాత్రమే విడదీస్తుంది. వాడాల్సింది దాన్ని.

నిన్న బాగున్న బేస్ ఇవాళ ఫ్రెట్లకు కొట్టుకుంటోంది

ఏసీ గదిలోంచి కాకినాడ ఉక్కపోతలో ఆరుబయట లాన్‌లోకి తెస్తే చెక్క కదులుతుంది. వానాకాలంలో ఒకలా, వేసవిలో ఒకలా. ఫ్రెట్లంటే నెక్ మీద అడ్డంగా ఉండే లోహపు కడ్డీలు. మొదటి ఫ్రెట్ దగ్గరా, చివరి ఫ్రెట్ దగ్గరా లావు తీగని నొక్కిపట్టి, ఏడెనిమిది ఫ్రెట్ల దగ్గర తీగ కింద సందు చూడండి. విజిటింగ్ కార్డు దూరేంత ఉండాలి. సందు అసలు లేకపోతే నెక్ వెనక్కి వంగింది, లోపలి ఇనుప కడ్డీ ట్రస్ రాడ్‌ని కాస్త వదులు చేయాలి. సందు మరీ ఎక్కువైతే బిగించాలి. సరిపోయే అలెన్ కీతో పావు చుట్టు తిప్పి, ఆగి, మళ్లీ చూడాలి. మొండికేస్తే బలవంతం చేయొద్దు.

సెకండ్ హ్యాండ్ బేస్ కొనేవాళ్లు మోసపోయేది సరిగ్గా ఇక్కడే. పాలిష్ చూస్తారు, రంగు చూస్తారు, నెక్ చూడరు. తల వైపు నుంచి తుపాకీ గురి చూసినట్టు బాడీ వైపు చూడండి, నెక్ రెండు అంచులూ ఒకే తీరుగా సాగాలి. ఒక అంచు లేచి ఒకటి దిగితే మెలితిరిగిందన్నమాట, ఎంత చవకైనా వద్దు. అమ్మేవాళ్లని అడిగి ట్రస్ రాడ్ రెండు వైపులా కాస్త తిరుగుతుందేమో చూడండి. ఇప్పటికే చివరిదాకా బిగిసి ఉంటే వచ్చే వానాకాలానికి మీ దగ్గర మందు లేనట్టే. తర్వాత నాలుగు తీగల మీదా ఒక్కో ఫ్రెట్టూ మీటుకుంటూ పోండి. తీగ ఊరికే మీటినప్పటి స్వరం, 12వ ఫ్రెట్ స్వరం ట్యూనర్ మీద ఒకటే చూపించాలి. కొద్దిగా తేడా ఉంటే బ్రిడ్జి మీద తీగ ఆనే చిన్న ముక్క (శాడిల్) జరిపి సరిచేయొచ్చు: 12 దగ్గర ఎక్కువ పలికితే వెనక్కి, తక్కువ పలికితే ముందుకి.

బ్యాకప్ తగిలించుకోగానే వేళ్లు తడబడుతున్నాయి

గిటార్ బాగానే ఉంది, ట్యూనింగ్ బాగానే ఉంది, అయినా తప్పు స్వరాలు. కారణం కొలతలు. మామూలు బేస్ స్కేల్ (తీగ పలికే పొడవు) 34 అంగుళాలు, షార్ట్ స్కేల్ 30. నాలుగు అంగుళాల తేడా అంటే ప్రతి ఫ్రెట్టూ మీ వేలు అనుకున్న చోట ఉండదు. బరువు తక్కువని, ధర తక్కువని షార్ట్ స్కేల్ బ్యాకప్ కొంటే, అసలే కంగారులో ఉన్న చేతికి కొత్త పరీక్ష పెట్టినట్టు.

దీనికన్నా పెద్ద చిక్కు ఐదు తీగల వాళ్లకి. నాలుగు తీగల బేస్‌లో అట్టడుగు స్వరం ఈ (E), 41 హెర్ట్జ్. ఐదు తీగల దాంట్లో బీ (B), 31 దాకా దిగుతుంది. ఆర్కెస్ట్రాలో పాట శ్రుతి మన చేతిలో ఉండదు. మధ్యాహ్నం రిహార్సల్‌లో ఒక శ్రుతి, రాత్రికి గాయకుడి గొంతు పట్టేసి "అర శ్రుతి తగ్గించన్నా" అంటాడు. ఐదు తీగల మీద అది చిన్న విషయం. నాలుగు తీగల మీద పాట ఈ-ఫ్లాట్‌కి దిగిందంటే ఆధార స్వరం కింద దొరకదు, పై స్థాయిలో వాయించాలి. వేళ్ల లెక్క మొత్తం మారుతుంది.

దారులు రెండు. చవకైన ఐదు తీగల బేస్ కొనడం ఒకటి, అయితే చవక రకాల్లో లావు బీ తీగ తరచూ ముద్దగా పలుకుతుంది, కొనేముందు పెద్ద ఆంప్ మీద విని తీరాలి. రెండోది, నేను చేసింది: నాలుగు తీగల పాసివ్ బేస్ కొని, ఐదు తీగల సెట్‌లోంచి లావు నాలుగు వేసి బీ, ఈ, ఏ, డీ పెట్టించాను. పైన తల దగ్గర తీగలు ఆనే పట్టీకి (నట్) ఉన్న గాళ్లు వెడల్పు చేయించాలి, నెక్ మళ్లీ సర్దించాలి. పలచటి జీ తీగ పోతుంది. కానీ లావు తీగల వైపు నా చెయ్యి ఎక్కడికి అలవాటు పడిందో అక్కడే స్వరం ఉంది, ప్రోగ్రాంలో నాకు కావాల్సింది అదే.

గిటార్ మార్చగానే సౌండ్ ఎగిరింది, లేదా పడిపోయింది

యాక్టివ్ నుంచి పాసివ్‌కి మారితే మట్టం తగ్గడం సాధారణం. సౌండ్ చెక్‌లో రెండూ వినిపించండి, సౌండ్ వాళ్లని రెండు మట్టాలూ గుర్తు పెట్టుకోమనండి. పికప్ పక్క స్క్రూలతో దాన్ని తీగల దగ్గరికి లేపితే కొంత కలిసొస్తుంది. ప్రీఆంప్ పెడల్ ఉంటే ఇంకా సులువు.

చిన్న చిన్నవి

పట్టీ గుండీ ఊడొస్తుంటే స్క్రూ తీసి, మందు గీకేసిన అగ్గిపుల్ల ఫెవికాల్‌లో ముంచి రంధ్రంలో కూరి, రాత్రంతా ఆరనిచ్చి బిగించండి. తల కిందికి వాలే బేస్‌కి వెడల్పాటి తోలు పట్టీ వేయండి, జారదు. నాబ్ తిప్పితే బరబరమంటే కాంటాక్ట్ క్లీనర్ కొట్టి ఇరవై సార్లు తిప్పండి. ట్యూనింగ్ నిలవకపోతే కీల కన్నా ముందు తీగలు చూడండి. చాలాసార్లు కొత్త తీగలు ఇంకా సాగుతున్నాయంతే, ప్రోగ్రాం రోజు వేయకూడదు.

డబ్బు ఎక్కడ పెట్టాలి

చేతిలో ఉన్నదంతా బేస్ మీదే పెట్టకండి. ఇరవై వేలు అనుకుంటే పదహారు, పదిహేడు దగ్గర ఆగండి. మిగిలిన దాంట్లో మెయిన్ మీద వాడే అదే మందం తీగలు (నాలుగు తీగలకి 45–105, అంగుళంలో వెయ్యో వంతుల్లో, ఎక్కువమంది వాడేది), తెలిసిన మనిషితో సెటప్ (నెక్, తీగలు సర్దడం), ఒక కేబుల్, మెత్తటి సంచి రావాలి. సెటప్ సరిగ్గా చేసిన చవక బేస్, సెటప్ లేని ఖరీదైన దానికన్నా స్టేజీ మీద బాగా పలుకుతుంది.

బ్యాకప్‌ని వ్యాన్‌లో సంచిలో ఉంచితే అది బ్యాకప్ కాదు. డ్రమ్స్ పక్కన స్టాండు మీద, ట్యూన్ చేసి, వాల్యూమ్ సున్నాలో పెట్టండి. నేను ప్రతి ప్రోగ్రాంలో నాలుగో పాట దాని మీదే వాయిస్తాను, విరామంలో మళ్లీ ట్యూన్ చూస్తాను. గుంటూరులో ఒకసారి ఆరో పాటలో మెయిన్ జాక్ కరకరలాడింది. పాట మధ్య ఫ్లూట్ బిట్ ఎనిమిది బార్లు ఉంది. అది అయ్యేలోపు బేస్ మార్చుకుని చరణానికి అందుకున్నాను. ముందు వరసలో కూర్చున్నవాళ్లకి గిటార్ రంగు మారిందన్న సంగతే తెలిసింది.