పల్లపు పరుగు – మూడో పాఠం: తొడలకు దిగడం నేర్పుదాం

నీరు పల్లమెరుగు అంటారు. కాళ్లు ఎరగవు, వాటికి నేర్పాలి. కిందటి రెండు పాఠాల్లో బూట్లు, వారానికి ఎన్ని కిలోమీటర్లు అన్నవి చూశాం. అసలు పని ఇవాళ్టి నుంచే.

నేను మొదటిసారి మహారాష్ట్రలోని సాతారా హిల్ హాఫ్ మారథాన్‌కి (21 కిలోమీటర్ల కొండ పరుగు) వెళ్లినప్పుడు నా భయమంతా ఎక్కుడు గురించే. అక్కడ దారి సగం దాకా యవతేశ్వర్ కొండ ఎక్కుతుంది, తర్వాత అదే రోడ్డు మీద ఊళ్లోకి దిగుతుంది. ఎక్కేటప్పుడు ఒళ్లు దగ్గర పెట్టుకునే పరిగెత్తాను. వెనక్కి తిరిగాక మాత్రం కాళ్లను వదిలేశాను. ఊపిరి హాయిగా ఆడుతోంది, వాచీలో పేస్ (కిలోమీటరుకు పట్టే సమయం) ఎన్నడూ లేనంత బాగుంది. పదిహేడో కిలోమీటరు దాటాక తొడలు వణకడం మొదలైంది. ఆయాసం లేదు, దాహం లేదు, కానీ కాలు వేస్తే మోకాలు నిలవడం లేదు. చివరి కిలోమీటర్లు నడిచాను. మర్నాడు బస్సు మెట్లు దిగడానికి రెండు చేతులా కడ్డీ పట్టుకోవాల్సి వచ్చింది.

ఎందుకలా జరిగిందో అర్థమైతే సగం పాఠం వచ్చినట్టే. ఎక్కేటప్పుడు తొడ ముందు కండరం కుదించుకుంటూ ఒంటిని పైకి నెడుతుంది. దిగేటప్పుడు అదే కండరం సాగుతూ ఒంటి బరువును ఆపుతుంది. సాగుతూ బరువు మోసే పనిలో కండరపు పోగులు సన్నసన్నగా చిట్లుతాయి. అలిపిరి దారిన 3,550 మెట్లు ఎక్కినవాళ్లకు ఎక్కడమే కష్టం అనిపిస్తుంది. కానీ నడిచి దిగినవాళ్లను మర్నాడు అడగండి, కుర్చీలోంచి లేవడానికి కూడా బాధపడతారు.

ఇందులో మోసం ఏమిటంటే, పల్లంలో ప్రాణవాయువు ఖర్చు తక్కువ. గుండె నెమ్మదిగానే కొట్టుకుంటుంది, అంతా సుఖంగా ఉందనిపిస్తుంది. దెబ్బ మాత్రం పెరుగుతుంది. అమెరికాలో కొలరాడో విశ్వవిద్యాలయం పరిశోధకులు 2005లో ప్రచురించిన కొలతల ప్రకారం, 9 డిగ్రీల వాలులో దిగితే నేల తాకిడి చదును మీదకంటే 54 శాతం, ముందుకు పోనివ్వకుండా ఆపే బలం 73 శాతం పెరిగాయి. అది చాలా నిటారు వాలు, మన ఘాట్ రోడ్లు అంత ఉండవు. అయినా పది కిలోమీటర్లలో వేల అడుగులు పడతాయి. అందుకే పల్లంలో ఆయాసాన్ని బట్టి, హార్ట్ రేట్‌ని బట్టి వేగం నిర్ణయించకండి. తొడలు ఏం చెబుతున్నాయో వినండి.

మంచి సంగతి కూడా ఉంది. ఒకసారి ఈ దెబ్బ తిన్న కండరం కోలుకున్నాక, అదే పనికి రెండోసారి అంతగా నొచ్చుకోదు. ఆ రక్షణ కొన్ని వారాలపాటు నిలుస్తుంది. మన శిక్షణంతా దీని మీదే నడుస్తుంది: కొద్దికొద్దిగా నొప్పించాలి, కోలుకోనివ్వాలి, మళ్లీ వెళ్లాలి.

వాలు వెతుక్కోండి. విశాఖవాళ్లకు కైలాసగిరి, సింహాచలం ఘాట్ రోడ్లున్నాయి. హైదరాబాద్‌లో జూబిలీ హిల్స్ వీధుల ఎత్తుపల్లాలు చాలు. వంద మీటర్లకు నాలుగైదు మీటర్లు దిగే వాలు మొదటికి సరిపోతుంది. వాహనాలు పెరగకముందే, తెల్లవారుతుండగా వెళ్లండి.

మొదటి వారం ఒకే ఒక్కరోజు, 200 మీటర్లు నాలుగుసార్లు దిగండి. ప్రతిసారీ నడిచి ఎక్కండి. మరీ తక్కువనిపిస్తుంది, అయినా అంతకు మించవద్దు. నొప్పి ఆ రోజు రాదు, ఒకటి నుంచి మూడు రోజుల్లో ముదురుతుంది. రెండో వారం ఆరుసార్లు, మూడో వారం 400 మీటర్లు నాలుగుసార్లు, నాలుగో వారం ఆగకుండా రెండు కిలోమీటర్లు. పోటీకి ముందు చివరి రెండు వారాల్లో గట్టి దిగుడు పెట్టుకోకండి. నొప్పి విపరీతంగా ఉండి మూత్రం కోలా రంగులోకి మారితే అది మామూలు నొప్పి కాదు, ఆలస్యం చేయకుండా వైద్యుడి దగ్గరికి వెళ్లాలి.

ఇక ఎలా దిగాలి? భయంతో అందరూ చేసే తప్పు వెనక్కి వాలడం. వెనక్కి వాలితే పాదం ఒంటికి ముందు పడుతుంది, మడమ నేలను గుద్దుతుంది, ప్రతి అడుగూ బ్రేకు అవుతుంది. ఒళ్లు వాలుకు తగ్గట్టు చీలమండల దగ్గరనుంచి కాస్త ముందుకు వంగాలి, నడుము దగ్గర కాదు. అడుగులు చిన్నవిగా, త్వరత్వరగా వేయండి. పాదం తుంటి కిందే పడాలి, మోకాలు కొంచెం మడిచే ఉండాలి. చేతులు పక్కలకు కాస్త విప్పితే తూకం కుదురుతుంది. చూపు కాళ్ల మీద కాక ఐదారు గజాల ముందుండాలి. సరిగ్గా దిగుతున్నారో లేదో చెవికే తెలుస్తుంది: టపటపమని పెద్ద చప్పుడు వస్తే అడుగు చాచుతున్నట్టు. నాకు ఇది పట్టుబడటానికి దాదాపు రెండు నెలలు పట్టింది, మీరూ తొందరపడకండి.

మలుపుల దగ్గర లోపలి అంచు మరీ నిటారుగా ఉంటుంది. వాహనాలు రాకుండా దారి మూసిన పోటీలో అయితే కొంచెం బయటి నుంచి తిరగండి. వాన పడితే రోడ్డు మీది తెల్లగీతల మీద కాలు వేయకండి. గోళ్లు కత్తిరించుకోండి. లేసు చీలమండ దగ్గర బిగించండి, లేకపోతే వేళ్లు బూటు ముందుకు గుద్దుకుని గోళ్లు నల్లబడతాయి.

పల్లంలో వచ్చిన టైమును చదును మీది టైముతో పోల్చవద్దు. ప్రపంచ రికార్డు లెక్కకు రావాలంటే దారి మొత్తం మీద కిలోమీటరుకు ఒక మీటరుకు మించి దిగకూడదు. హాఫ్ మారథాన్‌కి అది 21 మీటర్లు మాత్రమే. 2011లో బోస్టన్ మారథాన్‌ని కెన్యా పరుగువీరుడు జెఫ్రీ ముతాయ్ 2 గంటల 3 నిమిషాల 2 సెకన్లలో పూర్తిచేసినా, ఆ దారి నిబంధనలకు ఒదగనందున అది ప్రపంచ రికార్డు కాలేదు. ఆ పరుగు విలువ దానివల్ల తగ్గలేదు, మీదీ తగ్గదు.

ఈ వారం పని: నాలుగుసార్లు 200 మీటర్లు. తర్వాత మూడు రోజులపాటు, పొద్దున మెట్లు దిగేటప్పుడు తొడ నొప్పి పదికి ఎంతో నోటుబుక్కులో రాసుకోండి. వచ్చే పాఠంలో ఆ అంకెను బట్టే మీ రెండో వారాన్ని సరిచేసుకుందాం.