స్టైల్‌షీట్ మార్చినా కొన్ని పేజీలు మారడం లేదా?

స్టైల్‌షీట్ (సైట్ రంగులు, ఫాంట్లు, సైజులు నిర్ణయించే ఫైలు) మార్చాక హెడర్ మారింది, మెనూ మారింది. ఒకట్రెండు పేజీల్లో లోపలి మ్యాటర్ మాత్రం పాత రంగులో, పాత సైజులోనే ఉంది. డార్క్ థీమ్ పెడితే ఆ అక్షరాలు అసలు కనబడవు.

ముందు బ్రౌజర్‌లో కంట్రోల్, షిఫ్ట్, ఆర్ నొక్కండి, పేజీ కొత్తగా లోడ్ అవుతుంది. ఇన్‌కాగ్నిటోలో కూడా చూడండి. ఇది చూడకుండా కోడ్ జోలికి వెళ్లకండి, ఎన్నిసార్లు చెప్పినా దీన్నే వదిలేస్తున్నారు. సైట్ మొత్తం పాతగానే ఉంటే క్యాష్ (దాచిపెట్టిన పాత కాపీ) సమస్య. కొన్ని పేజీలే మొండికేస్తే దోషం మ్యాటర్‌లోనే ఉంది.

విశాఖలో అరకు, బొర్రా గుహల ప్యాకేజీలు పెట్టే ట్రావెల్స్ సైట్లలో ఇది మామూలే. ఆఫీసులో వివరాలు వర్డ్‌లో టైపు చేసి, అదే కాపీ చేసి ఎడిటర్‌లో పేస్ట్ చేస్తారు. అక్షరాలతో పాటు ఫాంటు, సైజు, రంగు కూడా డేటాబేస్‌లోకి చేరిపోతాయి.

మారని పేరా మీద రైట్ క్లిక్ చేసి ఇన్‌స్పెక్ట్ తెరవండి. స్టైల్స్‌లో అన్నిటికన్నా పైన, ‘ఎలిమెంట్ డాట్ స్టైల్’ దగ్గర, గౌతమి ఫాంటు, 11 పాయింట్లు, నలుపు రంగు అని ఉంటాయి. స్టైల్‌షీట్‌లో మీరు ఇచ్చిన రంగు ఆ కిందే, కొట్టేసినట్టు అడ్డగీతతో కనబడుతుంది. ట్యాగులోనే రాసిన స్టైల్ ముందు స్టైల్‌షీట్ మాట చెల్లదు. పేరాకు ‘ఎంఎస్‌ఓ నార్మల్’ అనే క్లాసు ఉంటే అది వర్డ్ నుంచి వచ్చిందే.

ఇక్కడ చాలామంది స్టైల్‌షీట్‌లో ‘ఇంపార్టెంట్’ (ట్యాగులోని స్టైల్‌ను కూడా తోసేసే గుర్తు) తగిలించి సరిపెడతారు. వద్దు. మురికి డేటాబేస్‌లో అలాగే ఉంటుంది, రేపు ఒక నోటీసును ఎరుపులో పెట్టాలంటే మీ రూలే మీకు అడ్డం పడుతుంది.

శుభ్రం చేసే ముందు బ్యాకప్ తీసుకోండి. తర్వాత శీర్షికలు చూడండి: బోల్డ్ పెట్టి సైజు పెంచిన ‘రెండో రోజు: బొర్రా గుహలు’ లాంటి లైన్లను ముందే హెడింగ్ 2గా మార్చాలి. లేకపోతే స్టైల్ తీసేయగానే అవి మామూలు పేరాల్లో కలిసిపోతాయి. ఆ తర్వాత పేజీలు కొన్నే అయితే ఎడిటర్‌లో అంతా సెలెక్ట్ చేసి క్లియర్ ఫార్మాటింగ్ కొట్టండి. వందల్లో ఉంటే ట్యాగుల్లో రాసిన స్టైల్ యాట్రిబ్యూట్లు తీసేసే స్క్రిప్టును కాపీ డేటాబేస్ మీద నడిపి చూసి, అప్పుడు అసలు దానిమీద నడపండి.

లైనక్స్ సర్వర్‌లో స్టైల్‌షీట్ ఫైల్ పేరులో పెద్ద, చిన్న అక్షరాల తేడా, సీడీఎన్ (సైట్ ఫైళ్ల కాపీలు పంచే సర్వర్లు)లో పాత కాపీ ఉండిపోవడం లాంటి వేరే కారణాలు అరుదు, నిమిషంలో తేలిపోతాయి.

మళ్లీ రాకుండా టైపు చేసేవాళ్లకు కంట్రోల్, షిఫ్ట్, వి (ఫాంటు, రంగు లేకుండా అక్షరాలే పేస్ట్ చేసేది) అలవాటు చేయండి. వాళ్లు మర్చిపోయే రోజు కోసం, సేవ్ చేసేటప్పుడే స్టైల్‌ను తీసేసే ఫిల్టర్ సర్వర్‌లో పెట్టండి.