పారాథైరాయిడ్ ఆపరేషన్: నా అనుభవం

కిడ్నీలో రాళ్లు మళ్లీ మళ్లీ వస్తూ, ఎముకల నొప్పులు, ఎంత పడుకున్నా తీరని నీరసం ఉంటే రక్తంలో కాల్షియం, పీటీహెచ్ (కాల్షియాన్ని పెంచే పారాథైరాయిడ్ హార్మోన్) రెండూ ఒకేసారి చూపించుకోండి. నాకు రెండూ ఎక్కువే వచ్చాయి. మామూలుగా అయితే కాల్షియం పెరిగినప్పుడు పీటీహెచ్ తగ్గాలి.

మెడలో థైరాయిడ్ వెనక బియ్యపు గింజంత పారాథైరాయిడ్ గ్రంథులు సాధారణంగా 4 ఉంటాయి, చాలామందిలో వాటిలో ఒక్కటే పెరిగి ఈ గొడవంతా చేస్తుంది. అది ఎక్కడుందో అల్ట్రాసౌండ్, సెస్టమిబి స్కాన్ (కొద్దిపాటి రేడియోధార్మిక మందు ఎక్కించి తీసేది) రెండూ ఒకే చోట చూపిస్తే మెడ రెండువైపులా వెతకక్కర్లేదు, 2-3 సెంటీమీటర్ల కోత చాలు. నాది ఎడమవైపు కింద దొరికింది. నాకు బాగా ధైర్యమిచ్చింది ఏంటంటే, గ్రంథి తీసిన 10 నిమిషాలకు మళ్లీ రక్తం తీసి పీటీహెచ్ చూస్తారు (ఆ హార్మోన్ రక్తంలో నిమిషాల్లోనే తగ్గిపోతుంది), సగానికి పైగా పడిపోతే సరే, లేదంటే మిగతా గ్రంథులూ చూస్తారు. ఈ పరీక్ష ఉందా, సర్జన్ ఇవి తరచుగా చేస్తారా అని ముందే అడగండి, మొహమాటపడొద్దు.

తర్వాత పెదాల చుట్టూ, వేళ్ల చివర తిమ్మిర్లు వచ్చి టెన్షన్ పడ్డాను గానీ, డాక్టర్ రాసిన కాల్షియం మాత్రలతో సర్దుకుంది. తగ్గకపోయినా, కండరాలు పట్టేసినా వెంటనే ఫోన్ చేయాలి. 6 నెలల తర్వాత కూడా కాల్షియం మామూలుగా ఉంటేనే నయమైనట్టు లెక్క, ఆ పరీక్ష మాత్రం మానొద్దు.