కుస్తీ శిబిరానికి వెళ్లే ముందు చెవుల విషయంలో తీసుకోవలసిన జాగ్రత్తలు

కుస్తీ, జూడో, జియుజిట్సు వంటి పట్టు క్రీడలు నేర్చుకునేవారు మోకాళ్లకూ వేళ్లకూ పట్టీలు కట్టుకుంటారు గానీ, చెవుల సంగతి అవి వాచేదాకా పట్టించుకోరు. రెండు పూటలా మ్యాట్ మీద సాధన సాగే శిబిరానికి వెళ్లబోయేవారు చెవుల రక్షణకు ఏర్పాటు ముందే చేసుకోవాలి. చెవి ముద్దకట్టడం పహిల్వాన్‌కు గుర్తు అనే మాట హైదరాబాద్ పాతబస్తీలో కుస్తీ నేర్పే తాలీంలలోనూ వినిపిస్తుంది. అయితే ఎదుటివాడి చంకలో ఇరుక్కున్న తలను బయటకు తీసుకోవడం చేతకాని కొత్తవాడికి కూడా ఆ గుర్తు అంతే తేలికగా దక్కుతుందని మరచిపోకూడదు.

చెవి డొప్ప లోపల ఉండే మృదులాస్థికి, అంటే వంగే మెత్తటి ఎముక వంటి భాగానికి, సొంతంగా రక్తనాళాలు ఉండవు. దానిని అంటిపెట్టుకుని ఉండే పలుచని పొర ద్వారానే దానికి పోషణ అందుతుంది. దెబ్బ తగిలినప్పుడు, అంతకంటే ఎక్కువగా చెవి ఎదుటివారి తొడకో పక్కటెముకలకో ఒత్తుకుని రాసుకున్నప్పుడు, ఆ పొర మృదులాస్థి నుంచి విడిపోయి మధ్యలో రక్తం చేరుతుంది. ఆ రక్తాన్ని సకాలంలో తీయకపోతే పోషణ అందని భాగం చచ్చుబడి, అక్కడ గట్టి కణజాలం అడ్డదిడ్డంగా పెరిగి, చెవి శాశ్వతంగా ముడుచుకుపోతుంది. ఆకారం చెడడంతోనే ఇది ఆగదు. వాపు ఎక్కువైనవారిలో చెవి రంధ్రం ఇరుకై గులిమి పేరుకుంటుంది, ఇయర్‌ఫోన్ కూడా పట్టదు.

నివారణకు ఉన్న ప్రధాన సాధనం చెవులను కప్పే హెడ్‌గేర్. అమెరికాలో హైస్కూల్ కుస్తీ పోటీలకు ఇది తప్పనిసరి; అంతర్జాతీయ ఫ్రీస్టైల్ కుస్తీలో తప్పనిసరి కాదు కాబట్టి పెద్ద పోటీలలో ఎవరూ పెట్టుకోవడం లేదని మన పిల్లలు వాదిస్తారు. కానీ పోటీ కొద్ది నిమిషాలలో ముగుస్తుంది, చెవికి రాపిడి తగిలేది గంటల తరబడి చేసే సాధనలోనే. కొనేటప్పుడు తలను అటూ ఇటూ గట్టిగా ఊపి, చేత్తో పక్కకు నెట్టి చూడాలి. గిన్నె వంటి భాగం జరిగి దాని అంచు చెవి మీదికి వస్తే, అది రక్షణకు బదులు గాయానికే కారణమవుతుంది. గడ్డం కింది పట్టీ బిగుతు ఊపిరికి అడ్డురాకూడదు. హెడ్‌గేర్ పెట్టుకున్నప్పుడు కోచ్ మాట కొంత మందంగా వినిపిస్తుందన్నది నిజమే గానీ, వారం రోజులలో అలవాటైపోతుంది. పోగులు, దిద్దులు, ముఖ్యంగా చెవి పైభాగాన కుట్టించుకున్న రింగులు, సాధనకు ముందు తప్పక తీసివేయాలి. టేపు అంటిస్తే చాలదు.

పట్టు విషయంలో కోచ్‌లు చెప్పవలసిన మాట ఒకటుంది. ఇరుక్కున్న తలను బలవంతంగా వెనక్కి గుంజకుండా, ముందు ఎదుటివారి చేతిని సడలించి ఆ తరువాతే బయటకు రావాలి. ఆ గుంజుడులోనే చాలా చెవులు పాడవుతాయి. అప్పటికే ఎర్రబడి సలుపుతున్న చెవితో ఆ పూట పట్లు ఆపి, పరుగు, దండీలు, బస్కీలతో సరిపెట్టుకోవడం మేలు.

చెవి డొప్ప మీద మెత్తగా, నీరు నిండినట్టు వాపు కనిపిస్తే వెంటనే సాధన ఆపి, గుడ్డలో చుట్టిన ఐస్‌ను పది పదిహేను నిమిషాల పాటు మెల్లగా అదిమి ఉంచాలి. కాపడం పెట్టడం, నూనె రాసి మర్దన చేయడం రక్తస్రావాన్ని పెంచుతాయి. నొప్పికి ఆస్పిరిన్ వేసుకోవద్దు. ఒకటి రెండు రోజులలోనే ఈఎన్‌టీ డాక్టరును కలవాలి, ఎందుకంటే మొదట పలుచగా ఉండే రక్తం గడ్డకట్టి, వారం దాటితే సూదితో లాగడానికి లొంగక కోత పెట్టవలసిన స్థితికి వస్తుంది. తోటి పహిల్వాన్ సిరంజితో తానే తీసేస్తానంటే ఒప్పుకోవద్దు. మృదులాస్థికి చీము పడితే అది కరిగిపోయేంత నష్టం జరుగుతుంది.

రక్తం తీయించుకున్నంత మాత్రాన పని పూర్తి కాదు. ఖాళీ అయిన చోట ఒత్తిడి లేకపోతే మరునాటికే మళ్లీ నిండుతుంది కాబట్టి డాక్టర్లు చెవికి రెండు వైపులా దూది చుట్టలు పెట్టి కుట్లు వేస్తారు. అవి సాధారణంగా వారం రోజులు ఉంటాయి. శిబిరం పోతుందని మధ్యలో వాటిని పీకేసి మ్యాట్ ఎక్కేవారి చెవే రెండోసారి ఉబ్బుతుంది. తిరిగి పట్లు ఎప్పుడు మొదలుపెట్టాలో డాక్టరే చెప్పాలి. ఆ తరువాత హెడ్‌గేర్ లేకుండా దిగకూడదు. జ్వరం, ఎర్రదనం, పెరుగుతున్న సలుపు, చీము కనిపిస్తే అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి.

అరచేయి చెవికి చప్పున తగిలినప్పుడు కర్ణభేరి చిరిగే ప్రమాదం వేరే ఉంది. ఒక్కసారిగా వినికిడి తగ్గినా, హోరు వినిపించినా, చెవిలోంచి నీరో రక్తమో కారినా, కళ్లు తిరిగినా లోపల నూనె గానీ చుక్కల మందు గానీ వేయకుండా, స్నానంలో నీరు పోకుండా చూసుకుంటూ డాక్టరుకు చూపించాలి.