గ్రూప్ థియరీ టాక్‌కి వెళ్తున్నారా? బ్రాడీపేటను వెంట తీసుకెళ్లండి

యూనివర్సిటీలో రీసెర్చ్ టాక్ అనగానే ఎమ్మెస్సీ మ్యాథ్స్ పిల్లల్లో చాలామందికి టెన్షన్ మొదలవుతుంది. పావుగంటకే దారి తప్పుతారు, మిగతా ముప్పావుగంట బోర్డు మీది గీతలు ఎక్కించుకోవడంతో సరిపోతుంది. గుంటూరులో పాఠాలు చెబుతూ, పిల్లల్ని ఇలాంటి టాక్స్‌కి తీసుకెళ్తూ నేను గమనించింది ఒకటుంది. తమకు బాగా తెలిసిన ఒక చిన్న ఉదాహరణ పట్టుకుని వెళ్లినవాళ్లు చివరిదాకా వినగలుగుతారు.

ముందురోజు నోటీసులో ఉన్న శీర్షిక, సారాంశం చదవండి. తెలియని మాటలు పది కనిపించినా రెండే ఎంచుకుని వాటి నిర్వచనాలు రాసుకోండి. పదీ వెతికితే ఒక్కటీ గుర్తుండదు. డిగ్రీలో చదివిన సబ్‌గ్రూప్, కోసెట్, నార్మల్ సబ్‌గ్రూప్ ఒకసారి తిరగేస్తే చాలు.

తర్వాత ఉదాహరణ తయారు చేసుకోవాలి. అసలు పని ఇదే, దీనికి ఒక సాయంత్రం కేటాయించండి. జామెట్రీని గ్రూపుల ద్వారా, అంటే ఒకదాని తర్వాత ఒకటి చేయగల, వెనక్కి తిప్పగల కదలికల ద్వారా చూడాలని గణితవేత్త ఫెలిక్స్ క్లైన్ 1872లోనే చెప్పాడు. ఈ రోజుల్లో టాక్స్‌లో ఎక్కువగా దానికి ఎదురుదిశలో నడుస్తారు, గ్రూపునే ఒక ఆకారంగా చూస్తారు. అదెలాగో తెలియడానికి గుంటూరులో మన బ్రాడీపేట ఉంది. ఒకవైపు లైన్లు, ఇంకోవైపు అడ్డరోడ్లు. "నాలుగో లైను, పద్నాలుగో అడ్డరోడ్డు" అంటే ఆటో అతనికి ఇంకేమీ చెప్పక్కర్లేదు. ఈ గళ్లు నాలుగువైపులా అంతులేకుండా సాగాయనుకోండి. ముందు లైను దాటి తర్వాత అడ్డరోడ్డు దాటినా, ముందు అడ్డరోడ్డు దాటి తర్వాత లైను దాటినా చేరేది ఒకే కూడలికి. ప్రతి కూడలినీ (లైను, అడ్డరోడ్డు) అనే అంకెల జతగా రాస్తే, పూర్ణాంకాల జతల గ్రూపు అంటే ఇదే. ఏది ముందు చేసినా ఫలితం మారకపోవడాన్నే అబీలియన్ అంటారు, ఆ మాటకు బొమ్మ కూడా ఇదే.

రెండో ఊరు ఒకటి ఊహించుకోండి. అక్కడా ప్రతి కూడలికీ నాలుగు దారులే. కానీ ఏ దారిన వెళ్లినా కొత్త చోటికే చేరతారు. వెనక్కి రావాలంటే వెళ్లిన దారినే రావాలి. చెట్టుకొమ్మల్లా చీలుకుంటూ పోయే ఈ ఊరు రెండు జనకాల (గ్రూపు మొత్తాన్నీ పుట్టించే మూలకాల) ఫ్రీ గ్రూపు. ఇలాంటి బొమ్మల్ని కేలీ గ్రాఫ్‌లంటారు.

ఇప్పుడు కాగితం మీద లెక్కపెట్టండి. పక్కపక్క కూడళ్ల మధ్య ముక్కను ఒక రోడ్డు అనుకుందాం. బయల్దేరిన చోటుతో కలిపి, ఒక్క రోడ్డు దూరంలో రెండు ఊళ్లలోనూ 5 కూడళ్లు. రెండు రోడ్ల లోపు బ్రాడీపేటలో 13, చెట్టు ఊళ్లో 17. మూడు రోడ్ల లోపు 25, 53. పది రోడ్ల లోపు బ్రాడీపేటలో 221 అయితే చెట్టు ఊళ్లో 1,18,097! టాక్‌లో 'గ్రోత్' అన్నప్పుడు మీకు గుర్తు రావాల్సింది ఈ తేడానే. పరిమిత జనకాలున్న గ్రూపు బ్రాడీపేటలా బహుపది వేగంతోనే పెరిగితే, దానిలో పరిమిత ఇండెక్స్ (అంటే కోసెట్ల సంఖ్య పరిమితం) ఉన్న నిల్‌పొటెంట్ (దాదాపు అబీలియన్ లాంటి) సబ్‌గ్రూప్ తప్పకుండా ఉంటుందని గణితవేత్త మిఖాయిల్ గ్రోమోవ్ 1981లో నిరూపించాడు. ఊరి బొమ్మ చూసి గ్రూపు గుణం చెప్పడమంటే ఇది. నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరించే సిద్ధాంతం.

నాగార్జునా యూనివర్సిటీ అయితే గుంటూరు, విజయవాడ మధ్య నంబూరు దగ్గరే. నాన్‌స్టాప్ బస్సు ఎక్కేముందు అక్కడ ఆగుతుందో లేదో అడగండి. పది నిమిషాల ముందే వెళ్లి రెండో వరుసలో కూర్చోండి.

టాక్ మొదలయ్యాక ప్రతి నిర్వచనాన్నీ మీ రెండు ఊళ్ల మీద పెట్టి చూడండి. ఉదాహరణకు హైపర్‌బోలిక్ గ్రూప్ అన్నారనుకోండి. దగ్గరి దారులే భుజాలుగా గీసిన త్రిభుజం ఎంత పెద్దదైనా, ఏ భుజం మీది బిందువైనా మిగతా రెండు భుజాలకు ఒక స్థిరమైన దూరం లోపే ఉండాలని దాని అర్థం. చెట్టు ఊళ్లో భుజాలు ఒకదాని మీద ఒకటి పడిపోతాయి కాబట్టి ఇబ్బంది లేదు. బ్రాడీపేటలో 20 లైన్లు, 20 అడ్డరోడ్లు అవతల ఉన్న ఇంటికి వెళ్లాలనుకోండి. ముందు లైన్లన్నీ దాటి వెళ్లొచ్చు, లేదా ముందు అడ్డరోడ్లన్నీ దాటి వెళ్లొచ్చు. రెండూ దగ్గరి దారులే. రెండో దారి మలుపును మూడో మూల అనుకుంటే ఇదీ ఒక త్రిభుజమే. కానీ ఒక దారి మలుపు నుంచి రెండో దారికి 20 రోడ్ల దూరం. ఇల్లు దూరమయ్యేకొద్దీ ఆ ఖాళీ పెరుగుతూనే ఉంటుంది. అంటే ఈ గ్రూపు హైపర్‌బోలిక్ కాదు. అది మీకు మీరే తేల్చుకున్నారు!

నిరూపణలో లెమ్మా మీద లెమ్మా పడుతుంటే పెన్ను పక్కన పెట్టి వినండి. సిద్ధాంతం ఏం చెబుతోందో ఒక్కటి రాసుకుంటే చాలు.

చివర్లో ఒక్క ప్రశ్న అడగండి. "ఇది పూర్ణాంకాల జతలకు ఏమవుతుంది సార్?" అనే ప్రశ్న దాదాపు ప్రతి టాక్‌లోనూ పనికొస్తుంది. మా స్టూడెంట్ ఒకమ్మాయి వణుకుతూనే లేచి ఈ మాట అడిగింది. వక్త మళ్లీ బోర్డు దగ్గరికి వెళ్లి గళ్లు గీసి చూపించారు. హాల్లో చాలామందికి విషయం తెలిసింది అప్పుడే.

ఆ రాత్రి నిద్రపోయేలోపు ఒక పేజీ రాయండి. నిర్వచనం, మీ రెండు ఊళ్లలో అది ఏమైంది, ఎక్కడ ఆగిపోయారు. ఆగిపోయిన చోట నాలుగు గీతలు ఖాళీ వదిలి, మర్నాడు ఆ పేజీతోనే మీ మేడమ్ దగ్గరికో సార్ దగ్గరికో వెళ్లండి.